రంగు కడిగిన గింజలు

అక్టోబరు 2, గురువారం

డాక్టరు ఇంటికొచ్చి చూసి వెళ్ళాడు. కుట్లు మానిపోయాయట, లోపల అంతా బాగుందట, ఇక లేచి నడవకపోతే అది రోగం కాదు మొండితనం అన్నాడు. ఆయన మెట్లు దిగాక అక్క గోడవైపు తిరిగే, "మొండితనమేరా. పుట్టుకతో వచ్చిందని చెప్పకపోయావా?" అంది. ఆ మాత్రం మాట్లాడింది కదా అని సంబరపడి కంచం తెచ్చాను. రెండు ముద్దలు తిని చాలంది.

బావ పోయి ఏడాది తిరక్కుండానే ఈ ఆపరేషను. అక్క కుట్టుమిషను కొట్టు మూయించి, తనని నా దగ్గరికి తెచ్చుకున్నాను. తెచ్చుకున్నది మనిషినో మంచాన్నో తెలియడం లేదు. నవ్వితే వీధి చివరి దాకా వినపడే మనిషి. ఇవాళ ఇంతకంటే రాయాలని లేదు.

అక్టోబరు 5, ఆదివారం

వంటింట్లో అలమర సర్దుతుంటే అడుగున గోధుమల పొట్లం దొరికింది. నిండా పురుగులు. పారెయ్యబోయి, ఎండలో పోస్తే పోతాయేమోనని డాబా మీద పాత దుప్పటి పరిచి కొన్ని పోశాను. లోపలికొచ్చి టీ పెట్టుకునేలోపే ఒకటే గోల. పిచ్చుకలు, వాటి వెనకే గువ్వలు. పిట్టగోడ మీద చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ముందు పురుగుల్ని, తర్వాత గింజల్ని ఊడ్చిపెట్టినట్టు తినేశాయి. ఇంత ఆకలితో ఉన్నాయని నాకు తెలియదు. ఇంటి వెనక నుంచి కనుచూపు మేర పొలాలే, కానీ వాటిలో ఏముంది? కోత మిషను గింజ వదలదు, కలుపు మందు గడ్డి వదలదు. దున్నేసి నున్నగా పెట్టారు.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. అక్క. జుట్టు రేగిపోయి, గోడ పట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవర్రా ఇంత గోల చేసేది?"

"నీ చుట్టాలు."

"నా చుట్టాల్లో ఇంత సన్నగా ఉండేవాళ్ళు ఎవరూ లేరు. కుర్చీ తే."

ఎండ ముదిరేదాకా కూర్చుంది. లోపలికి వస్తూ వస్తూ కంచం తనే అడిగింది. నేను వంటింట్లోకి వెళ్ళి, గిన్నె చేతిలోకి తీసుకున్నాను. ఏడుపొచ్చింది.

అక్టోబరు 8, బుధవారం

పొట్లం నిన్నటితో అయిపోయింది. పొద్దున్న అక్క ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా వంక చూసింది. గోడ మీద పిట్టలు కూడా నా వంకే చూసినట్టనిపించింది. సాయంత్రం తెస్తాను, ఎక్కడికీ పోకండి అని అందరికీ కలిపి చెప్పాను.

కంపెనీలో, విత్తనాలకి రంగు పట్టించే మా ఎర్ర గదిలో, ఊపిరాడని పని. విత్తనాల సీజను కదా. గోధుమ గింజకి పురుగు మందు పట్టించడం, రంగు పట్టించడం, సంచుల్లోకి ఎక్కించడం. మిషను కింద రాలినదంతా ఊడ్చి డ్రమ్ములో పోస్తే తర్వాత ఎక్కడో తీసుకెళ్ళి కాల్చేస్తారు. ఏళ్ళ తరబడి నేనే ఊడ్చి పోస్తున్నాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇవాళ ప్రాణం ఉసూరుమంది. పైన రంగే కదా, లోపల గింజ బంగారంలా ఉంది. ఎవరూ చూడకుండా నా భోజనం సంచీలో నింపుకుని వచ్చేశాను.

కింద కొళాయి దగ్గర బకెట్లో కడిగాను. మొదటి నీళ్ళు ఎర్రగా వచ్చాయి, తర్వాత గులాబీ రంగులో, ఆ తర్వాత తేటగా. తేటగా వచ్చాక కూడా మరోసారి కడిగాను. మా ఎర్ర గదిలో పద్ధతే అది. చేతికి రంగుంటే కంచం ముట్టుకోకూడదు. రంగు పోయిందా, కూర్చుని తినడమే. అందరం అలాగే తింటున్నాం, ఎవరికేమైంది? ఆరబోశాక చూస్తే కొట్లో గింజకీ వీటికీ తేడా లేదు.

"ఎక్కడివిరా ఇన్ని?" అంది అక్క.

"కొట్లోవి."

కంపెనీవి అంటే లేనిపోని అనుమానాలు పెట్టుకుంటుందని అలా చెప్పాను. శుభ్రంగా కడిగాను కాబట్టి అబద్ధమైనా నష్టం లేదు.

అక్టోబరు 12, ఆదివారం

అక్క పిట్టలకి పేర్లు పెట్టేసింది. ఛాతీ విరుచుకుని అందరి మీదా పెత్తనం చేసే పిచ్చుక పేరు మేనేజరు. ఒంటికాలి మీద కుంటుతూ వచ్చే గువ్వ కుంటమ్మ. గింజ దొరికినా దొరకనట్టు అరిచే పిచ్చుకకి నా పేరు పెట్టింది. "నువ్వూ అంతే కదరా, కంచం నిండా ఉన్నా సణుగుతావు." పోనీలే అనుకున్నాను.

డబ్బా పట్టుకుని గింజలు చల్లేది తనే. నన్ను వెయ్యనివ్వదు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. నడుము మీద చెయ్యి పెట్టుకుని డాబా ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూ చల్లుతుంది. డాక్టరు చెప్పిన నడక ఇదే కదా అంటే, "ఆయన ఫీజు పిట్టలకి ఇచ్చెయ్" అంది. రెండుసార్లు వడ్డించుకుని తింది.

అక్టోబరు 15

అక్క తల దువ్వుకుని జడ వేసుకుంది.

అక్టోబరు 17, శుక్రవారం

మేనేజరు ఇవాళ ఉబ్బిపోయి బంతిలా కూర్చున్నాడు. ఈకలన్నీ లేపుకుని, కళ్ళు సగం మూసుకుని, గింజల మధ్యనే కూర్చుని ఒక్కటీ తినలేదు. "ప్రమోషన్ వచ్చినట్టుంది, పని చెయ్యడం మానేశాడు" అని అక్క నవ్వింది. చల్లగాలి మొదలైంది కదా, దాని వల్లే.

మళ్ళీ ఒక సంచి తెచ్చాను. శుభ్రంగా కడిగాను.

అక్టోబరు 19, ఆదివారం

నీళ్ళ ట్యాంకు కింద ఒక పిచ్చుక చచ్చిపడి ఉంది. అక్క చూడకముందే తీసేద్దామనుకున్నాను, అప్పటికే చూసింది. పక్కింటి పిల్లిదే ఈ పని అని పిల్లినీ, దాన్ని పెంచినవాళ్ళనీ కలిపి తిట్టింది. తిట్టేంత ఓపిక వచ్చిందని నేను లోలోపల సంతోషించాను.

ఒంటి మీద గాయమేమీ లేదు. పిల్లి భయపెట్టి ఉంటుంది. భయానికి కూడా చస్తాయి.

అక్టోబరు 21

పిల్లి పనే.

అక్టోబరు 22, బుధవారం

ఒక గువ్వ ఎగిరి వచ్చి పిట్టగోడ మీద వాలబోయి గోడకి కొట్టుకుంది. లేచి మళ్ళీ అలాగే. దారి తెలియనట్టు. కిందనుంచి ఎత్తి చేతుల్లోకి తీసుకున్నాను. చేతిలో బరువే లేదు. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది.

వేసిన గింజలు వేసినట్టే ఉంటున్నాయి. పిట్టలు తినక చిక్కిపోతున్నాయి. పొలాల్లో ఎవరో ఏదో మందు కొడుతున్నారు, ఆ గాలి తగులుతోంది, అదే కారణం అని అక్కకి చెప్పాను. తను నమ్మింది. ఇవాళ బకెట్లో నీళ్ళు నాలుగుసార్లు మార్చి కడిగాను. ఎందుకలా కడిగానో తెలియదు, మామూలుగా కడిగితే సరిపోతుంది.

అక్టోబరు 24, శుక్రవారం

రంగు డబ్బాలు రాలేదు. లారీ ఎక్కడో ఆగిపోయిందట. గేటు దగ్గర రైతులు విత్తనాల కోసం నిలబడి ఉన్నారు. సూపర్‌వైజర్ వచ్చి, "మందుందిగా, నడిపించెయ్" అన్నాడు.

"రంగు లేకుండానా సార్?"

"రంగేమన్నా పురుగుని చంపుతుందా? రంగు మన కళ్ళకోసమయ్యా. మందు నీళ్ళలా ఉంటుంది. పోసేది నువ్వే కదా, నాకు చెబుతావేంటి?"

నిజమే, పోసేది నేనే. మందు డబ్బా వేరు, రంగు డబ్బా వేరు. ముందు అది, తర్వాత ఇది. ఇన్నేళ్ళుగా రెండూ నా చేత్తోనే పోస్తున్నాను. ఆ మాట నాకు తెలుసు. తెలుసు అని ఇక్కడ రాయడానికి ఇంతసేపు పట్టింది.

మిషను తిరిగింది. గింజలు ఒట్టి గోధుమ రంగులో, కొంచెం నిగనిగలాడుతూ జారుతున్నాయి. డాబా మీద దుప్పటి కళ్ళముందుకొచ్చింది. అచ్చంగా అవే గింజలు.

సంచి దగ్గర తాతయ్య ఉన్నాడు. జుట్టు తొందరగా నెరిసిందని ఆ పేరేగానీ వాడు నాకంటే చిన్నవాడు. కొత్త గింజ వచ్చినప్పుడు తడి ఆరిందో లేదో కొరికి చూడటం వాడికి అలవాటు. పరధ్యానంగా రెండు గింజలు తీసి నోట్లో వేసుకోబోయాడు. నేను పరిగెత్తి చెయ్యి మీద ఒక్కటిచ్చాను. గింజలు ఎగిరిపడ్డాయి.

"ఏంటన్నా! కొడతావేంటి? రంగు లేదు కదా!"

వాడు అన్న మాట నా మాటే. చెయ్యి రుద్దుకుంటూ అటు వెళ్ళిపోయాడు.

సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, కడిగితే మందు పోతుందా సార్ అని అడిగాను. "వానకి పోయే మందైతే నేలలో పంటనేం కాపాడుతుంది?" అన్నాడు. మరి ఇవి రంగు లేకుండా పంపితే ఎవరైనా తింటారు కదా అన్నాను. సంచి మీద పుర్రె బొమ్మ ఉందిగా అన్నాడు. మధ్యాహ్నానికి సంచులు లారీలోకి ఎక్కించారు. ఎక్కించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి అక్క సాయంత్రం గింజలు వేసేసి, డబ్బా బోర్లించి పెట్టింది.

అక్టోబరు 25, శనివారం

అక్క లేవకముందే డాబా మీద ఒక్కో గింజా ఏరాను. మిగిలిన సంచి తీసుకెళ్ళి కంపెనీ డ్రమ్ములో పోశాను. దారిలో కొట్లో మంచి గోధుమలు కొన్నాను. డబ్బా నింపి అక్కకిచ్చాను. ఇక భయం లేదు. ఇకనుంచి తింటాయి, కోలుకుంటాయి.

కొంత మందు నీళ్ళతో పోయే ఉంటుంది. మొత్తం ఎలా ఉంటుంది?

అక్కకి రేపు చెప్తాను.

అక్టోబరు 26

ట్యాంకు కింద మూడు. మెట్ల మీద ఒకటి. అక్క మెట్ల మీది దాన్ని కొంగులో పెట్టుకుని కూర్చుంది. అది మేనేజరు. ఇలాంటప్పుడు ఎలా చెప్పను? రేపు చెప్తాను.

అక్టోబరు 27, సోమవారం

కొన ఊపిరితో ఉన్న పిచ్చుకని చెప్పుల పెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద పెట్టేసరికే పోయింది. అయినా ఆవిడ కోసి చూసింది. పెద్దావిడ, మాట మెత్తన.

"కండ లేదు. పొట్టలో ఏమీ లేదు. ఆకలితో పోయింది."

"గింజల మధ్యలోనే కూర్చుందమ్మా. ఎదురుగా కావలసినన్ని ఉన్నాయి."

"విత్తనాలకి పట్టించే మందు అంతే. నాలుగు గింజలు తింటే చచ్చిపోదు, తిండి మీద ధ్యాస పోతుంది. ఎటు ఎగరాలో మర్చిపోతుంది. తింటే తేరుకునేదే, కానీ తినదు." చేతులు కడుక్కుంటూ అడిగింది. "మీరు పెట్టే గింజలు ఎక్కడివి?"

"కొట్లోవి."

ఇప్పుడైతే అది నిజమే.

"అయితే పొలాల్లో తిని వస్తున్నాయి. వాటినేమనగలం? ఒకప్పుడు గడ్డి గింజలుండేవి, కోత తర్వాత రాలిన గింజ ఉండేది, పురుగులుండేవి. ఇప్పుడు నేల మీద కనబడే ప్రతి గింజా నాటిన గింజే. వాటికి మీ డాబా ఒక్కటే దిక్కు. పెట్టడం మాత్రం మానకండి."

పెద్ద మనసు మీది అని కూడా అంది. ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. నన్ను తిట్టేవాళ్ళు ఒక్కరన్నా ఉంటే బాగుండేది.

అక్టోబరు 28, మంగళవారం

చెప్పేద్దామనే వెళ్ళాను. అక్క మంచం అంచున కూర్చుని ఉంది, డబ్బా పక్కన పెట్టుకుని.

"ఒరేయ్, ఒక మాట అడుగుతాను, నవ్వకు."

"నవ్వను."

"గింజలు వేస్తున్నది ఎవరు?"

"నువ్వే."

"బావకి పథ్యం వండి పెట్టింది ఎవరు? పూట తప్పకుండా మాత్రలు వేసింది ఎవరు?"

"అక్కా, పిచ్చిగా మాట్లాడకు."

"కాదురా. మంచం మీద పడుంటే అన్నీ గుర్తొస్తాయి. నేను పెట్టింది ఎవరికీ ఒంటబట్టదు. నా చెయ్యే మంచిది కాదు."

"చేతిలో ఏమీ లేదక్కా. గింజలు..." అన్నాను.

"గింజలకేం? నువ్వు తెచ్చినవి. వాటికి వంక పెట్టకు" అంది.

లేచి వచ్చేశాను. వచ్చి ఇది రాస్తున్నాను. ఈ గదికీ ఆ గదికీ మధ్య ఒక్క గోడ.

అక్టోబరు 29

చెప్పలేదు.

అక్టోబరు 30

అక్క డాబా మీదికి రాలేదు. నేను వెయ్యబోతే, "ఆ డబ్బా నేను ముట్టుకున్నది, కడిగి వెయ్యి" అని లోపలినుంచి కేకేసింది. కడిగాను.

నవంబరు 2, ఆదివారం

పిట్టగోడ ఖాళీ. కుంటమ్మ ఒక్కతే ట్యాంకు మీద కూర్చుంది, దిగలేదు. అక్క మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంది. జడ విప్పలేదు, దువ్వలేదు. పొద్దుటి కంచం సాయంత్రం దాకా అలాగే ఉంది. తీసేస్తుంటే, "నాకు వండినది దండగ చెయ్యకురా, నువ్వు తిను" అంది.

డాక్టరుకి ఫోన్ చేశాను. మళ్ళీ మొండితనం మొదలైందా అన్నాడు. అవునన్నాను. ఇంకేం చెప్పను?

నవంబరు 4, మంగళవారం

ఇంటి వెనక పొలంలో గోధుమ విత్తారు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. విత్తే మిషను వెళ్ళిన చోటల్లా మట్టి మీద గింజలు మిగిలిపోయాయి. కొన్ని సాళ్ళలో ఎర్రగా కనబడుతున్నాయి. కొన్ని సాళ్ళలో ఏ రంగూ లేదు, మామూలు గింజల్లా. ఆ సంచులు ఏ రోజువో నాకు తెలుసు.

పిట్టలు ఎక్కడెక్కడివో దిగాయి. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను, కేకలేశాను, మట్టిబెడ్డలు విసిరాను. ఇటు తోలితే అటు వాలుతున్నాయి. ఆకలిగా ఉన్నవాటిని తిండి మీదనుంచి తరుముతున్నాను. గొంతు బొంగురుపోయింది. సాయంత్రం రైతు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకేం సంబంధం లేకపోయినా నా గింజ కాపాడావు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారయ్యా?"

ఆయనకి సంచుల సంగతి చెప్పాను. రంగు వెయ్యలేదు, మందు మాత్రం ఉంది, ఇంట్లో ఎవరూ ముట్టుకోకండి అన్నాను. "మందుందిగా, ఇంకేం. రంగు లేకపోతే ఏం మునిగింది?" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఒక మనిషికన్నా చెప్పగలిగాను. చెప్పాల్సిన మనిషికి కాదు.

నవంబరు 6

అక్క బొత్తిగా తినడం లేదు. నీళ్ళు తాగింది.

చెబితే తనకి తన చెయ్యి తిరిగొస్తుంది. తనకి నేను లేకుండా పోతాను. తనకిప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. అందుకే చెప్పడం లేదా, లేక నాకు తను తప్ప ఎవరూ లేరని చెప్పడం లేదా? రెండూ రాసి చూశాను. ఏది నిజమో తెలియలేదు.

నవంబరు 8, శనివారం

ఆకాశం విరిగి పడ్డా రేపు పొద్దున్న చెప్తాను.

నవంబరు 9, ఆదివారం

పొద్దున్నే కొత్త గోధుమలు దుప్పటి మీద పోసి, గుమ్మంలో కూర్చున్నాను. ఏం చెప్పాలో, ఏది ముందు చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటున్నాను. చాలాసేపటికి కుంటమ్మ ట్యాంకు మీదనుంచి దిగింది. ఒక గింజ ముక్కుతో పట్టుకుని వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది. మింగింది. ఆ తర్వాత పొలంవైపు నుంచి పిచ్చుకలు నాలుగైదు వచ్చాయి, కొత్తవి, పేర్లు లేనివి. ఈకలు నున్నగా ఉన్నాయి. గబగబా తింటున్నాయి.

వెనక అక్క. నేను వినలేదు, ఎప్పుడు లేచిందో. గోడ పట్టుకుని వణుకుతూ నిలబడి ఉంది. చిక్కిపోయింది.

"తింటున్నాయిరా."

"అవునక్కా. అదే చెప్దామని. ఆ గింజలు..."

"చెప్పక్కర్లేదు, కళ్ళకి కనబడుతోందిగా. అదే డాబా, అవే గింజలు. నేను వేస్తే చచ్చాయి, నువ్వు వేస్తే తింటున్నాయి. నీ హస్తవాసిరా అది. అమ్మ అనేది, వీడి చెయ్యి మంచిది అని. నేనే ఒప్పుకునేదాన్ని కాదు." నవ్వబోయింది, దగ్గొచ్చింది. గుమ్మంలో నా పక్కనే మెల్లగా కూలబడింది. "నాకూ నువ్వే పెట్టు ఇకనుంచి. నీ చేత్తో పెడితే తింటాను."

లోపలికి వెళ్ళి కంచం తెచ్చాను. అసలు మాట నోటిదాకా వచ్చింది. ఒక్క మాట, గింజలు కడిగినవక్కా, కంపెనీవి అని. అక్క అప్పటికే చిన్నపిల్లలా నోరు తెరిచి ఉంది.

పెట్టాను. తింది. ఇంకో ముద్ద పెట్టాను. కంచం మొత్తం తింది. ఇన్నాళ్ళుగా నేను కోరుకున్నది ఇదే. ఇప్పుడు చెబితే తిండి ఆగిపోతుంది, చెప్పకపోతే తన చేతులు బతికినంతకాలం ఒళ్ళో ముడుచుకునే ఉంటాయి. తిన్నంతసేపూ వాటిని కొంగు కింద దాచుకునే ఉంది, పిట్టలకి కనబడకుండా.

రేపటినుంచి పొద్దున్నే లేవాలి. వాటికీ అక్కకీ నేనే పెట్టాలి.